జీతం లేని మొదటి ఉద్యోగం: కచేరీ ఉమేదువారు నుంచి మన ఇంటర్న్‌షిప్ దాకా

(వీడియోలో మాట్లాడినదాన్ని దాదాపు అలాగే టైప్ చేసి పెడుతున్నాం. ఒకటి రెండు చోట్ల మాటలు మాత్రం సరిచేశాం.)

 

నిజానికి ఈ వారం కాకతీయుల చెరువుల మీద ఎపిసోడ్ చేద్దామనుకున్నా. నోట్స్ కూడా రెడీగా ఉన్నాయి. కానీ పోయిన ఆదివారం మా చిన్నమ్మ కూతురు వరంగల్ నుంచి ఫోన్ చేసింది. ఈ మధ్యే డిగ్రీ అయిపోయింది. హైదరాబాద్‌లో ఒక కంపెనీ ఇంటర్న్‌గా తీసుకుంటా అన్నదట. ఆరు నెలలు. జీతం లేదు, స్టైపెండ్ కూడా లేదు. ఆరు నెలల తర్వాత "పనితీరు బాగుంటే" ఉద్యోగం. "అన్నా, చేరమంటావా వద్దంటావా?" అని అడిగింది.

చేరు అనలేకపోయా, వద్దు అని కూడా అనలేకపోయా. రెండు రోజులు టైమ్ ఇవ్వు అన్నా. ఎందుకంటే ఇదే ప్రశ్న 2016లో నేను ఎవర్నీ అడగలేదు.

అప్పుడే ఎంఏ హిస్టరీ అయిపోయింది. ఒక ఆన్‌లైన్ చదువుల ఆఫీసులో మూడు నెలల ఇంటర్న్‌షిప్ అన్నారు. పేరు చెప్పను, అవసరం లేదు. మూడు నెలలయ్యాక "ఇంకో మూడు నెలలు చూద్దాం" అన్నారు. అవీ అయ్యాక "ఫండింగ్ వస్తోంది, కొంచెం ఆగు" అన్నారు. మొత్తం ఎనిమిది నెలలు. అమీర్‌పేటలో హాస్టల్, బస్ పాస్, మధ్యాహ్నం టిఫిన్ సెంటర్లో రెండు ఇడ్లీలు. ఈ ఖర్చంతా ఊరి నుంచి మా నాన్న పంపేవాడు, నెలకు ఏడు వేలు. మాకు రెండెకరాల పత్తి చేను. చివర్లో ఒకరోజు కూర్చుని లెక్కేశా. ఎనిమిది ఏళ్లు యాభై ఆరు. యాభై ఆరు వేల రూపాయలు. నేను ఆ ఆఫీసుకు పనిచేశా, మా నాన్న ఆ ఆఫీసు తరఫున నాకు జీతం ఇచ్చాడు. నిజంగా జరిగింది అదే. వెళ్లేటప్పుడు ఎక్స్‌పీరియన్స్ లెటర్ అడిగితే, "నువ్వు ఎంప్లాయీవి కాదు కదా" అన్నారు.

సరే, నా గోల పక్కన పెడదాం. హిస్టరీ చదివినవాణ్ని కాబట్టి అప్పట్నుంచి నాకొక కుతూహలం పట్టుకుంది. ఈ "ముందు ఊరికే పనిచెయ్, తర్వాత చూద్దాం" అనే పద్ధతి ఎక్కడ్నుంచి వచ్చింది? స్టార్టప్‌లు కనిపెట్టాయా? అమెరికా నుంచి దిగిందా? వెతుకుతూ పోతే నేను అనుకోని చోట తేలా. మన కలెక్టరు కచేరీల వరండాల్లో.

ఉమేదు ఉన్నవాడు

"ఉమేదు" అనే మాట మీరు వినే ఉంటారు. "పిల్లోడు మంచి ఉమేదు మీదున్నాడు" అంటాం, అంటే హుషారుగా ఉన్నాడని. అసలు ఇది పారసీ నుంచి వచ్చింది, అర్థం ఆశ. దాన్నుంచి పుట్టిందే "ఉమేదువారు". ఆశపెట్టుకున్నవాడు. హిందీలో, ఉర్దూలో ఇవాళ్టికీ ఎలక్షన్లో నిలబడ్డ అభ్యర్థిని ఉమ్మీద్‌వార్ అనే అంటారు.

రెండొందల ఏళ్ల కింద మద్రాసు ప్రెసిడెన్సీలో ఉమేదువారు అంటే వేరే. కలెక్టరు కచేరీలో ఉద్యోగం కోసం, జీతం లేకుండా రోజూ వచ్చి పనిచేసే కుర్రాడు. ఇంగ్లీషు కాగితాల్లో వీళ్లనే "వాలంటీర్లు" అని రాసేవాళ్లు.

ఆ కచేరీని ఒకసారి ఊహించుకోండి. పైన తెల్ల కలెక్టరు. ఆయన కింద శిరస్తాదారు, అసలు ఆఫీసు నడిపేది ఈయనే. తర్వాత మున్షీ, రాయసం, సంప్రతి, గుమాస్తాలు. జమాబందీ లెక్కలు, అర్జీలు, తాఖీదులు, వాటికి నకళ్లు, ఆ నకళ్లకు మళ్లీ నకళ్లు. కంపెనీ సర్కారుకి కాగితాల పిచ్చి. లండన్‌కి ఒకటి, మద్రాసుకి ఒకటి, జిల్లాలో ఒకటి ఉండాలి. జిరాక్స్ లేదు కదా, ప్రతిదీ చేత్తో రాయాల్సిందే. జీతాల పద్దులో ఉన్న గుమాస్తాలు కొద్దిమంది, పని మాత్రం కొండంత. మరి మిగతా పని ఎవరు చేస్తారు? ఉమేదువార్లు.

వీళ్లు నేర్చుకునే పని చిన్నది కాదు. చాలా జిల్లా కచేరీల్లో లెక్కలు మరాఠీలో నడిచేవి. రైతు ఇచ్చే అర్జీ తెలుగులో ఉంటుంది. పైకి వెళ్లేది ఇంగ్లీషులో ఉండాలి. ఏ కాగితం ఎలా మొదలుపెట్టాలి, ఎవరిని ఏ బిరుదుతో సంబోధించాలి, ఏ అంకె ఎక్కడ వెయ్యాలి... ఇవన్నీ ఏ బడిలోనూ చెప్పరు. పెద్ద గుమాస్తా పక్కన కూర్చుని, చూసి, రాసి, తిట్లు తిని నేర్చుకోవాలి. భవానీ రామన్ అనే చరిత్రకారిణి మద్రాసు కచేరీల రాతకోతల మీద 2012లో ఒక మంచి పుస్తకం తెచ్చారు. అందులో ఈ ఉమేదువార్ల సంగతి వివరంగా ఉంటుంది. ఇంగ్లీషు పుస్తకమే, కొంచెం బరువుగా ఉంటుంది గానీ ఓపికుంటే చదవండి.

ఇప్పుడు అసలు ప్రశ్న. జీతం లేకుండా నెలలు, ఏళ్లు ఎలా బతికేవాళ్లు? ఇంట్లో ఉన్నవాళ్లు పోషించాలి. లేదా కచేరీలో ఇప్పటికే ఉద్యోగం ఉన్న మేనమామో పెదనాన్నో పెట్టుకోవాలి. అందుకే ఉమేదువారుగా చేరాలంటే ముందు లోపల మనవాడు ఒకడు ఉండాలి. శిరస్తాదారు బావమరిది, శిరస్తాదారు అన్నకొడుకు... ఇలా నిండిపోయేవి కచేరీలు. మన గుంటూరు జిల్లా సంగతే చూడండి. 1788 నుంచి 1848 వరకు అక్కడి పాలన ఎలా నడిచిందో రాబర్ట్ ఫ్రైకెన్‌బర్గ్ అనే అమెరికన్ పరిశోధకుడు ఒక పుస్తకమే రాశాడు, 1965లో వచ్చింది. కలెక్టర్లు వస్తుంటారు, పోతుంటారు. కచేరీలో పాతుకుపోయిన కుటుంబాలు మాత్రం కదలవు. సర్కారుకి ఏ లెక్క చూపించాలో, ఏది దాచాలో వాళ్లే నిర్ణయించేవాళ్లు.

ఇంకో సంగతి కూడా ఉంది. జీతం లేనివాడి చేతిలో రైతు అర్జీ పడితే ఏమవుతుంది? ఆ కాగితం ముందుకు కదలాలంటే రైతు ఏదో ఒకటి చేతిలో పెట్టాలి. దాన్ని మామూలు అనేవాళ్లు. సర్కారు తన గుమాస్తా ఖర్చు మిగుల్చుకుంది. ఆ ఖర్చు పోయి రైతు నెత్తిన పడింది. ఊరికే వచ్చే పని అనేది ఉండదు, ఎవరో ఒకరు కడతారు. నా విషయంలో మా నాన్న కట్టాడు. అప్పుడూ పొలం వాడే, ఇప్పుడూ పొలం వాడే.

పన్నెండేళ్ల ఇంటర్న్

ఇంత చెప్పాక ఆ పద్ధతి మొత్తం చెడ్డదే అనుకుంటారు. ఆగండి. మనందరం పుస్తకాల్లో చదివిన ఒక పెద్దమనిషి ఇక్కణ్నుంచే వచ్చాడు. ఏనుగుల వీరాస్వామయ్య గారు.

"కాశీయాత్ర చరిత్ర" పేరు వినే ఉంటారు. 1830 మే 18న మద్రాసులో బయల్దేరి, దాదాపు వందమందిని వెంటబెట్టుకుని, తిరుపతి, కడప, శ్రీశైలం, హైదరాబాద్ మీదుగా కాశీ దాకా పోయి, 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చాడు. దారిలో చూసిందంతా రాసిపెట్టాడు. ఏ ఊళ్లో ఏం దొరుకుతుంది, ఏ నది ఎలా దాటాలి, ఎక్కడ ఎలాంటి మనుషులు... తెలుగులో యాత్రా సాహిత్యం అంటే మొదట చెప్పేది ఆ పుస్తకమే. అప్పటికి ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో హెడ్ ఇంటర్‌ప్రిటర్. అంటే కోర్టులో మాట్లాడేవాళ్ల భాషను జడ్జీలకు ఇంగ్లీషులో చెప్పే దుబాసీలకి పెద్ద. చాలా పెద్ద ఉద్యోగం.

ఆయన మొదలైంది ఎక్కడో తెలుసా? తొమ్మిదేళ్లకే తండ్రి పోయాడు. అప్పటికే ఇంగ్లీషు గడగడా చదివేవాడట. పన్నెండేళ్లకి కంపెనీ వారి బోర్డ్ ఆఫ్ ట్రేడ్‌లో వాలంటీరుగా చేరాడు. ఆయన పుట్టింది 1780 ప్రాంతంలో. అంటే 1792 అటూఇటూ అనుకోండి. ఏడో క్లాసు పిల్లాడి వయసు. మరుసటి ఏడాదికే తిరునల్వేలి కలెక్టరు ఆఫీసులో దుబాసీ పని దొరికింది.

ఈ కథ చదివినప్పుడు నాకు రెండు రకాలుగా అనిపించింది. ఒకటి, జీతం లేని పని ఆ పిల్లాడికి నిజంగానే తలుపు తెరిచింది. ఏడాదిలో జీతం ఉన్న ఉద్యోగానికి చేర్చింది. ఇంకోటి, ఆ తలుపు దగ్గరికి వచ్చేటప్పటికే అతని చేతిలో ఇంగ్లీషు ఉంది. 1792లో, మద్రాసు పట్నంలో, పన్నెండేళ్లకి ఇంగ్లీషు రావడం అంటే మామూలు విషయం కాదు. అతని పేరు మనకు తెలుసు, ఎందుకంటే అతను గెలిచాడు. ఏళ్ల తరబడి వరండాలో కూర్చుని, నకళ్లు రాసి రాసి, చివరికి ఖాళీ మరొకడి బావమరిదికి పోతే, ఊరికి తిరిగెళ్లిపోయినవాళ్ల పేర్లు మనకు తెలీదు. వాళ్లెవరూ కాశీయాత్ర రాయలేదు.

ఇంటర్న్‌షిప్ సక్సెస్ స్టోరీలు రీల్స్‌లో చూసినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది.

అదే సమయంలో, గోడకి అటుపక్క

ఇక్కడ ఒక తేడా చెప్పాలి. అసలు ఈ ఎపిసోడ్ చేయడానికి సగం కారణం ఇదే.

ఈస్టిండియా కంపెనీ తన సొంత కుర్రాళ్లని ఎలా తయారు చేసుకుంది? వాళ్ల మొదటి ఉద్యోగం పేరు "రైటర్". మచిలీపట్నంలో 1611లో ఫ్యాక్టరీ పెట్టిన కాలం నుంచి వాళ్లకి కావాల్సింది లెక్కలు రాసేవాళ్లే. (కలకత్తాలో రైటర్స్ బిల్డింగ్ అని ఉంది చూశారా, మొన్నమొన్నటి దాకా బెంగాల్ సెక్రటేరియట్, ఆ పేరు ఈ రైటర్ల వల్ల వచ్చిందే.) రాబర్ట్ క్లైవ్ కూడా రైటరే. 1744లో పద్దెనిమిదేళ్ల వయసులో మద్రాసులో దిగాడు. దారిలో ఓడ బ్రెజిల్ దగ్గర చిక్కుపడి నెలల తరబడి ఆగిపోయింది, అక్కడ ఖాళీగా ఉండలేక కాస్త పోర్చుగీసు నేర్చుకున్నాడు. రైటర్ జీతం ఏడాదికి 5 పౌండ్లు. చాలా తక్కువ. కానీ ఉండటానికి చోటు, తినడానికి తిండి కంపెనీదే. పైగా సొంత వ్యాపారం చేసుకోవచ్చు. అయిదేళ్లు రైటర్‌గా చేస్తే ఫ్యాక్టర్, ఆ తర్వాత జూనియర్ మర్చంట్, సీనియర్ మర్చంట్. మెట్లు ముందే రాసి ఉన్నాయి. ఎప్పుడు ఏమవుతాడో కుర్రాడికి తెలుసు.

తర్వాత 1812లో మద్రాసులో ఫోర్ట్ సెయింట్ జార్జి కాలేజీ పెట్టారు. ఎఫ్.డబ్ల్యూ. ఎల్లిస్ పూనికతో. ఇంగ్లండ్ నుంచి వచ్చిన కొత్త సివిల్ ఉద్యోగులు ఇక్కడ చేరి తెలుగో తమిళమో నేర్చుకోవాలి. నేర్చుకుంటున్నంత కాలం జీతం వస్తూనే ఉంటుంది. 1817లో అలా వచ్చినవాడే మన సి.పి. బ్రౌన్. వెలగపూడి కోదండరామ పంతులు గారి దగ్గర తెలుగు మొదలుపెట్టాడు. మూడేళ్ల తర్వాత, 1820లో, కడప కలెక్టరు దగ్గర అసిస్టెంటుగా వేశారు. ఆ ట్రైనింగ్ లేకపోతే బ్రౌన్ నిఘంటువు ఎక్కడిది? వేమన పద్యాల అచ్చు పుస్తకం ఎక్కడిది? నేను బ్రౌన్‌ని తక్కువ చేయట్లేదు. ఆయన మనకు చేసిన మేలు తక్కువది కాదు.

కానీ లెక్క చూడండి. పరాయి భాష నేర్చుకోవడానికి వచ్చిన ఇరవై ఏళ్ల ఇంగ్లీషు కుర్రాడికి నేర్చుకున్నందుకు జీతం. అదే సర్కారులో, కడపలోనో గుంటూరులోనో, మూడు భాషలు రాయగలిగిన ఇరవై ఏళ్ల తెలుగు కుర్రాడికి పనిచేసినందుకు కూడా జీతం లేదు. ఇద్దరూ ట్రైనీలే. ఒకడి చదువుని కంపెనీ పెట్టుబడి అనుకుంది, ఇంకొకడి చదువు వాడి ఇంటివాళ్ల తలనొప్పి అనుకుంది.

ఇంకో రకం ట్రైనింగ్ కూడా మద్రాసులోనే పుట్టింది. మైకేల్ టాపింగ్ అని ఒక సర్వేయరు. మన కోస్తా తీరం అంతా కొలిచిన మనిషి, చివరికి 1796లో మచిలీపట్నంలోనే జ్వరంతో పోయాడు. ఆయనకి కొలతలు తీసే చేతులు కావాలి. ఇంగ్లండ్ నుంచి తెప్పిస్తే ఖర్చు. అందుకని 1794లో అనాథాశ్రమం నుంచి ఎనిమిది మంది అబ్బాయిల్ని తీసుకుని సర్వే స్కూలు మొదలుపెట్టించాడు. వాళ్లు అప్రెంటిస్‌లు. కొంత గది లోపల లెక్కలు, ఎక్కువ భాగం ఎండలో గొలుసు పట్టుకుని భూమి కొలవడం. ఆ స్కూలే పెరిగి పెరిగి ఇవాళ్టి గిండీ ఇంజనీరింగ్ కాలేజీ అయింది. దేశంలోని పాత ఇంజనీరింగ్ కాలేజీల్లో ఒకటి మొదలైంది ఎనిమిది మంది అప్రెంటిస్‌లతో. ఇది చదివినప్పుడు నాకు భలే నచ్చింది.

డిగ్రీ వచ్చింది, ఆశ పోలేదు

1857లో మద్రాసు యూనివర్సిటీ వచ్చింది. మెల్లగా సర్కారు ఉద్యోగాలకి పరీక్షలు, సర్టిఫికెట్లు అడగడం మొదలైంది. ఇక బావమరుదుల రాజ్యం పోయిందనుకుంటాం. ఒక్కసారిగా ఏం పోలేదు. కందుకూరి వీరేశలింగం గారు చదువు అయ్యాక సర్కారు ఉద్యోగానికి ఎందుకు వెళ్లలేదో మీకు తెలిసే ఉంటుంది. అక్కడ లంచం లేనిదే పని జరగదు అని చూసి, వద్దనుకున్నాడు. లాయరు పనిలో అబద్ధాలాడక తప్పదని అదీ మానేశాడు. చివరికి టీచరయ్యాడు. కెరీర్ గైడెన్స్ ఇచ్చేవాళ్లు ఎవరూ ఈ ఉదాహరణ చెప్పరు ఎందుకో.

సరే, "ఇంటర్న్" అనే మాట గురించి కూడా రెండు ముక్కలు. అది ఫ్రెంచి. పారిస్ ఆస్పత్రుల్లో 1802లో ఒక పద్ధతి పెట్టారు. పరీక్ష పాసైన వైద్య విద్యార్థి ఆస్పత్రి లోపలే ఉండి పని నేర్చుకుంటాడు. లోపల ఉంటాడు కాబట్టి "ఆంటెర్న్". అక్కణ్నుంచి అమెరికా డాక్టర్లకి, వాళ్ల దగ్గర్నుంచి మిగతా అన్ని ఆఫీసులకి పాకింది. మన దగ్గర ఎంబీబీఎస్ చివర ఏడాది ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. ఊళ్లల్లో హౌస్ సర్జన్ అంటారు. వాళ్లకి స్టైపెండ్ ఉంటుంది. అది ఆలస్యమైతే ధర్నాలు కూడా ఉంటాయి, పేపర్లో చూస్తూనే ఉంటాం. అడిగే హక్కు ఉంది కాబట్టే ధర్నా చేయగలుగుతున్నారు.

అమెరికాలో ఇదే గొడవ కోర్టుకెక్కింది. 1947లో ఒక రైల్వే కేసు. బ్రేక్‌మన్ ఉద్యోగం కోసం వారం రోజుల ట్రైనింగ్ తీసుకున్నవాళ్లకి కనీస వేతనం ఇవ్వాలా? అక్కర్లేదు, వాళ్లు ఉద్యోగులు కారు అంది సుప్రీంకోర్టు. వారం రోజుల సంగతి అది. తర్వాత కంపెనీలు దాన్ని నెలలకి సాగదీశాయి. "బ్లాక్ స్వాన్" సినిమాకి జీతం లేకుండా పనిచేసిన ఇద్దరు ఇంటర్న్‌లు 2011లో కేసు వేశారు. కాఫీలు తేవడం, భోజనాలు ఆర్డర్ పెట్టడం, కాగితాలు సర్దడం, ఇదీ వాళ్ల పని. 2013లో జడ్జి వీళ్లు ఉద్యోగులే అన్నాడు. 2015లో పైకోర్టు ఆ తీర్పుని పక్కనపెట్టి, ఈ ఏర్పాటులో ఎక్కువ లాభం ఎవరికి వస్తోంది, ఇంటర్న్‌కా కంపెనీకా అని చూడాలి అంది. ఆ ప్రశ్న నాకు బాగా నచ్చింది. జవాబు ఎటొచ్చినా సరే, అడగాల్సిన ప్రశ్న అదే. మన పిల్లలు అక్కడ చదువుకుంటూ సీపీటీ మీద ఇంటర్న్‌షిప్‌లు వెతుక్కుంటుంటారు కదా, వాళ్లకి ఇది ఉపయోగపడే సంగతి.

మన దేశానికి వస్తే, 1961లో అప్రెంటిస్‌ల చట్టం వచ్చింది. మొదట ఫిట్టర్లు, టర్నర్లు, వెల్డర్ల కోసం. 1973లో సవరించి ఇంజనీరింగ్ డిగ్రీ, డిప్లొమా వాళ్లని కూడా చేర్చారు. తర్వాత ఇంకా విస్తరించారు. ఈ చట్టంలో ఒక తమాషా ఉంది. అప్రెంటిస్ "ట్రైనీ", వర్కర్ కాదు అని స్పష్టంగా రాసి ఉంది. కార్మిక చట్టాలు అతనికి వర్తించవు. వినడానికి అన్యాయంగా ఉంది కదా? కానీ బదులుగా కొన్ని ఇచ్చింది. రాతపూర్వకంగా ఒప్పందం ఉండాలి, అది రిజిస్టర్ కావాలి, ఎంతకాలమో రాసి ఉండాలి, స్టైపెండ్ ఇవ్వాలి. 2019లో మార్చిన రూల్స్ ప్రకారం డిగ్రీ ఉన్న అప్రెంటిస్‌కి నెలకు కనీసం 9,000. ఇప్పుడు ఎంతుందో నాట్స్ పోర్టల్‌లో ఒకసారి చూసుకోండి. 2024 బడ్జెట్‌లో ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం ప్రకటించారు. అప్పట్లో ప్రకటించింది పెద్ద కంపెనీల్లో 12 నెలలు, నెలకు 5,000, చేరినప్పుడు ఒకసారి 6,000. హైదరాబాద్ హాస్టల్ రేట్లకి 5,000 అంటే నవ్వొస్తుంది, నిజమే. కానీ సున్నా కంటే నయం, పైగా కాగితం మీద ఉంది.

మరి అప్రెంటిస్ కాకుండా, ఏ పథకంలోనూ లేకుండా, వాట్సాప్‌లో "రేపట్నుంచి వచ్చెయ్" అని పిలిచిన ఇంటర్న్ సంగతేంటి? ప్రైవేటు ఆఫీసులో అతనికి ఇంత ఇవ్వాల్సిందే అని చెప్పే ప్రత్యేక చట్టం లేదు. అతనికి ఒప్పందం లేదు, గడువు లేదు, లెటర్ లేదు. పేరు మారింది గానీ, అతను ఉమేదువారే. నేను ఆ ఎనిమిది నెలలు ఉమేదువారునే. ఆ మాట అప్పుడు తెలిసుంటే బాగుండేది.

మంచి ఇంటర్న్‌షిప్‌లు లేవని నేను అనట్లేదు. నా ఫ్రెండ్ ఒకడు లా చదివి, ఒక సీనియర్ దగ్గర మొదటి ఏడాది దాదాపు ఊరికే పనిచేశాడు. కానీ ఆయన రోజూ వాణ్ని కోర్టుకి తీసుకెళ్లేవాడు, వాడు రాసిన ప్రతి కాగితం ఎర్ర పెన్నుతో దిద్ది ఇచ్చేవాడు, మధ్యాహ్నం భోజనం వాళ్లింట్లోనే. వాడు ఇవాళ్టికీ ఆయన్ని "మా సార్" అంటాడు. నా ఆఫీసులో ఎనిమిది నెలల్లో నేను రాసినదాన్ని ఒక్కసారి కూడా ఎవరూ దిద్దలేదు. రాసింది రాసినట్టు అప్‌లోడ్ చేసేవాళ్లు. దిద్దేవాడు లేకపోతే అది నేర్చుకోవడం ఎలా అవుతుంది, పని చేయించుకోవడం అవుతుంది. ఈ తేడా అర్థం కావడానికి నాకు చాలా కాలం పట్టింది.

రెండు రోజుల తర్వాత చెల్లెలికి ఫోన్ చేశా. వీరాస్వామయ్య గారి కథ చెప్పా, గుంటూరు కచేరీ కథ చెప్పా. "అన్నా, ఇవన్నీ సరే, నేనేం చెయ్యాలి?" అంది. నిజమే, నేనూ చరిత్ర చెప్పడం మొదలుపెడితే ఆగను. అప్పుడు చెప్పా: వద్దనకు, ఒక మెయిల్ పెట్టు. ఆరు నెలలు అని రాతలో ఇస్తారా? నా పని రోజూ చూసేది ఎవరు, ఆయన పేరేంటి? ఆరు నెలలయ్యాక తీసుకోకపోతే లెటర్ ఇస్తారా? కనీసం బస్సు, భోజనం ఖర్చు ఇస్తారా? మర్యాదగా, నాలుగు లైన్లలో. ఈలోపు నాట్స్‌లో కూడా రిజిస్టర్ అవ్వు అన్నా. అదే రోజు రాత్రి రిజిస్టర్ అయింది, స్క్రీన్‌షాట్ పంపింది.

మెయిల్ పెట్టి అయిదు రోజులైంది. ఇవాళ ఈ రికార్డింగ్ టైముకి ఇంకా రిప్లై రాలేదు. మా చిన్నమ్మ మాత్రం నిన్న ఫోన్ చేసింది. "వచ్చిన అవకాశాన్ని ప్రశ్నలు అడిగించి పోగొడుతున్నావురా" అని కోపంగా ఉంది. నా దగ్గర జవాబు లేదు. రిప్లై వస్తే, అది ఎలాంటిదైనా సరే, కింద పిన్ చేసి పెడతా.

వచ్చే వారం చెరువులు, ప్రామిస్. ఉంటా మరి.